రేకు తాకబోయిన గీత

మొన్న మారతహళ్ళిలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, మాటల్లో మాటగా మా నాన్న ఒకప్పుడు షేర్లు కొన్న బ్యాంకు పేరు చెప్పానో లేదో, అది ఫోనును రెండుసార్లు వేలితో తట్టి, ఆ బ్యాంకు షేరు ఇన్నేళ్ళుగా ఏ రోజు ఎంత పలికిందో ఒక గీతగా నా ముందు పెట్టేసింది. నేను కళ్ళజోడు సవరించుకుని, మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించకుండా చేసిన ఆ ఒక్క రోజు కోసం వెతికాను. ఎంత వెతికినా కనబడలేదు. గీత ఆ చోట ఏమీ ఎరగనట్టు సాఫీగా సాగిపోయింది. పాత ధరలను కంప్యూటరు తర్వాత సరిదిద్దేస్తుందని మా అమ్మాయి చెప్పింది. దిద్దితే దిద్దుకోనివ్వండి, ఆ రోజు మాత్రం ఉంది, దానికి నేనే సాక్షిని.

అప్పుడు మేము బొమ్మనహళ్ళిలో సిమెంటు రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. హిందూపురం వైపు నుంచి వచ్చిన సంసారం మాది. నాన్న గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు, అమ్మ అదే ఫ్యాక్టరీలో పొద్దస్తమానం చొక్కాలకు కాలర్లు కుట్టేది, నేను తొమ్మిదో తరగతి. ఒకసారి ఏదో పని మీద బ్యాంకుకు వెళితే అక్కడి ఆఫీసరు నాన్నకు కుర్చీ చూపించి కూర్చోమన్నాడట. అంతవరకూ ఏ ఆఫీసులోనూ ఆయనను ఎవరూ కూర్చోమన్న పాపాన పోలేదు గనుక, ఆ బ్యాంకు షేర్లు అమ్మకానికి వచ్చాయని తెలియగానే దాచుకున్నదంతా ఊడ్చి వంద షేర్లు కొనేశాడు. షేర్ల గురించి నాన్నకు అంతకు మించి ఏమీ తెలియదని నా అనుమానం.

కొన్న మరుసటి వారమే ఫ్యాక్టరీ నుంచి, చొక్కా కొలతలు గీసుకునే దళసరి గోధుమరంగు కాగితం ఒక చుట్ట అడిగి తెచ్చి, నేల నుంచి పైకప్పు దాకా గోడకు అంటించాడు. రూపాయికి అర అంగుళం లెక్క. రోజూ పొద్దున్నే సందు చివరి హోటల్లో కాఫీ తాగుతూ, అక్కడి ఇంగ్లీషు పేపర్లో అంకెలు మాత్రమే చదవగలడు కాబట్టి, మా బ్యాంకు పేరును అక్షరాల ఆకారాన్ని బట్టి గుర్తుపట్టి, దాని ధర ఒక్కటి చూసి అరచేతిలో రాసుకుని వచ్చేవాడు. టేపు పెట్టి కొలిచి, పెరిగితే నీలం సుద్దతో, తగ్గితే ఎర్ర సుద్దతో గీత గీసి, ఒక అడుగు వెనక్కి వేసి కళ్ళు చికిలించి చూసేవాడు. ముప్పావలా అటూ రూపాయి ఇటూ ఊగిన రోజులను, గుడ్డ నిలవడానికి ముందుగా వదులుగా వేసే కుట్టు పేరుతో, పచ్చికుట్టు అనేవాడు, బడ్జెట్టు వచ్చిన వారం గీత ఎగిరి పడుతూ ఉంటే తాగి గుడ్డ కత్తిరించినట్టుందని నవ్వేవాడు. మూడు రోజులు పెరిగితే నాలుగో రోజు అలుపు తీర్చుకుంటుందని ఆయన సిద్ధాంతం. అది తప్పిన రోజుల్లో పేపరువాడినే తిట్టేవాడు. శని, ఆదివారాలు మార్కెట్టుకు సెలవు కాబట్టి ఆది, సోమవారాల పేపర్లలో కొత్త ధర ఉండేది కాదు. ఆ రెండు పొద్దులూ నాన్నకు తోచక ఇంట్లో అందరి పనులకూ వంకలు పెట్టేవాడు.

గీత రేకును తాకిన రోజు షేర్లు అమ్మి అమ్మకు సొంతంగా, కరెంటుతో కుట్టే పవర్ మిషను ఒకటి కొనిస్తానని నాన్న మాట ఇచ్చాడు. అమ్మ పైకి నవ్వేసేది గానీ, ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు ఆపి తలెత్తి చూడటం నేను గమనిస్తూనే ఉన్నాను. ఏడాదిన్నర గడిచేసరికి గీత రేకుకు జానెడు దూరంలోకి వచ్చింది. మాకు పండగే పండగ!

ఆ శనివారం పొద్దున నాన్న హోటలు నుంచి రావలసిన వేళకు రాలేదు. ఒక పేపరును నమ్మలేక ఇంకో హోటలుకు పోయి, అక్కడ ఇంకో పేపరు చూసి వచ్చాడట. అరచేతిలో ధర సగానికి సగం పడి ఉంది. టేపు పెట్టి రెండుసార్లు కొలిచి, స్టూలు మీద కూర్చున్నాడు. చివరికి, కొలత తప్పితే దాచిపెట్టే మాస్టరు మాస్టరే కాడు కదా, లేచి ఎర్ర సుద్దతో రేకు దగ్గర నుంచి నా భుజం ఎత్తు దాకా నిలువుగా ఒకే గీత దించాడు. "మునిగిపోతిమి మే," అన్నాడు అమ్మతో. అమ్మ గోడకు ఆనుకుని, తాను గురువారమే ఫ్యాక్టరీలో పని మానేస్తానని చెప్పేసి వచ్చానని మెల్లగా బయటపెట్టింది. ఆ నెలతో ఆమె జీతం ఆగిపోతుంది.

ఇక ఆది, సోమవారాల్లో ధర తెలిసే దారి లేదు. ఇంకా పడిందో, నిలబడిందో తెలియదు. ఆదివారం నాన్న ఎవరికీ వంకలు పెట్టలేదు. మధ్యాహ్నం అమ్మ పక్కన చాప మీద కూర్చుని, చెప్పకుండా ఎందుకు మానేశావని అడిగితే, అమ్మ చేతులు ముందుకు చాపింది. చూపుడువేలు గోరు సూది దిగి రెండుగా చీలి ఉంది, బొటనవేలు వంగడం లేదు. నాన్న ఆ చేతులను తన ఒళ్ళో పెట్టుకుని, గుడ్డ నేత చూసినట్టు ఒక్కొక్క వేలూ తిప్పి తిప్పి చూశాడు. కళ్ళు తుడుచుకుని, "మళ్లా ఆడికి పోవద్దు. ఏమన్నా కానీ, పోవద్దు," అన్నాడు.

సోమవారం నాన్న మిగిలిందైనా దక్కించుకుందామని షేర్లు అమ్మడానికి ఉతికిన చొక్కా తొడుక్కుంటూ ఉండగా, మేము అంతకుముందు అద్దెకున్న ఇంటావిడ, మీ జాబు మా ఇంటికి వచ్చిందని ఒక కవరు తెచ్చి ఇచ్చింది. షేర్ల ఫారంలో బ్యాంకు పుస్తకం మీదున్న పాత చిరునామానే రాశాం, కొత్తది చెప్పాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు మరి! నేను కూడబలుక్కుని చదివాను. ప్రతి షేరుకూ ఇంకో షేరు ఉచితంగా ఇస్తున్నారు, వంద కాస్తా రెండు వందలు అవుతాయి, కాబట్టే ధర సగమైంది. నాన్నకు ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు. సగం పడిపోయినదాన్ని ఇంకొకటి ఇస్తే ఎవడికి కావాలి అంటాడు. అప్పుడు అమ్మ తువ్వాలు తీసి, ఆయన కళ్ళెదుట మధ్యకు మడిచి పట్టుకుంది.

"మడతేస్తే గుడ్డ సగమే కదప్పా అగపడేది? గుడ్డ యాడికి పోయింది? ఆడే ఉండాది!"

రోజూ మడతల మీద మడతలు పరిచి ఒక్క కోతలో పది చొక్కాలు తీసే మనిషి, ఆ తువ్వాలును చూసి, గోడను చూసి, తర్వాత పడీపడీ నవ్వాడు. మేము ముగ్గురమూ నవ్వి నవ్వి, అన్నం అడుగంటిన వాసన వచ్చేదాకా ఆపలేదు.

రేకు తాకేదాకా ఆగుదామని నాన్న అన్నాడు గానీ, అంతదాకా తాను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలా అని అమ్మ ఒప్పుకోలేదు. కొత్త షేర్లు చేతికి రాగానే ఆ వందా అమ్మి పాత పవర్ మిషను ఒకటి కొన్నారు. వీధిలో పిల్లల స్కూలు బట్టల బేరం మొదటి వారమే తగిలింది, నమూనాలు కత్తిరించడానికి ఇంట్లో కాగితం లేకపోతే అమ్మ గోడ మీదున్న దాన్నే చించి తీసింది. నాన్న దాని మీది గీతను ఒకసారి చూసి, తర్వాత తానే అంచు పట్టుకుని కత్తెర అందించాడు. చాలా కాలం మా వీధి పిల్లల నిక్కర్లన్నీ బ్యాంకు ధరల మీదే తయారయ్యాయి.

ఇప్పుడు ధర రెప్పపాటుకు ఒకసారి మారుతుంది, ఎందుకు మారిందో కూడా పక్కనే రాసి ఉంటుంది, మా అమ్మాయికి అలాంటి శనివారం ఎప్పటికీ రాదు. అది మంచిదే, నేను కాదనను. కానీ ఆ రోజే ఎవరైనా ఫోను తీసి, ఇదంతా బోనస్ షేర్ల వల్ల అని చెప్పి ఉంటే, మాకు ఆ ఆదివారం ఉండేది కాదు. నాన్న అమ్మ చేతుల వంక అంతసేపు చూడటం నేను ఆ ఒక్క రోజే చూశాను.