ఉప్పు లెక్కలకు రెండో డిస్క్

కొత్త డిస్కులు రెండూ కంప్యూటర్‌లో బిగించి, పరీక్ష కోసం ఒకటి పీకేసిన పూట నాకు కాలు నిలవలేదు. కంప్యూటర్ ఆగలేదు. పదకొండేళ్ల లెక్కలూ ఫొటోలూ ఎక్కడివక్కడే కనిపించాయి. పీకిన డిస్కును పట్టుకుని వంటింట్లోకి వెళ్లి మా ఆవిడకు చూపించాను.

"ఇది చచ్చినా మనకేం కాదు."

"చావనిదాన్ని నువ్వే పీకితివి గదయ్యా," అంది ఆమె చేపలు కడుగుతూనే.

మా రొయ్యల గుంటలు మైపాడుకు దగ్గర్లో, సముద్రపు నీళ్లు ఎక్కిదిగే కాలువ పక్కన ఉన్నాయి. రోజూ పొద్దున ఆమె కాలువ నీటి చుక్కను ఉప్పు కొలిచే చిన్న గొట్టంలో చూసి, ఆ అంకెను కేలండర్ మీద వేస్తుంది. నేను నీటి రంగును ఫొటో తీసి, రెండింటినీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను. నెల తిరగ్గానే కేలండర్ కాగితం పొయ్యిలోకి పోతుంది. ఉప్పు ఒక్కసారిగా పడిపోతే రొయ్య తట్టుకోదు. అందుకే నీళ్లు తోడే ముందు చుట్టుపక్కల వాళ్లు, "అన్నా, పోయినేడు ఇట్టాంటి వానకి ఉప్పు ఎన్నాళ్లకి తిరిగొచ్చినాది?" అని నాకే ఫోన్ చేస్తారు. పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ఆ జవాబు నా దగ్గర ఉండడం నాకు గర్వం.

ఎండాకాలంలో పాత డిస్క్ టకటకమని చప్పుడు మొదలుపెట్టింది. ఉప్పుగాలికి మా ఇంట్లో ఫ్యాన్లే నిలవవు. అప్పుడే రెయిడ్ అనే పద్ధతి గురించి చదివాను. అందులో చాలా రకాలున్నాయి; నేను ఎంచుకున్నదానిలో ఏది రాసినా రెండు డిస్కుల మీదా ఒకేసారి పడుతుంది. పెట్టాలా వద్దా అని వారం రోజులు లెక్క వేశాను. ఏడాదిలో ఒక డిస్క్ చెడే అవకాశం ఇరవైలో ఒకటి అనుకున్నాను. ఇరవై ఇరవైలు నాలుగు వందలు. అంటే రెండూ చెడేది నాలుగు వందల్లో ఒకసారి. ఆ అంకె చూశాక ఇక ఆగలేకపోయాను. సంగం ఊళ్లో ఉండే మా అక్క మొగుడు, మా బావ దగ్గర బయట తగిలించే డిస్క్ అడిగి తెచ్చి, పాతదాంట్లోవన్నీ దాంట్లోకి, దాంట్లోంచి కొత్త జంటలోకి ఎక్కించి, వెంటనే తిరిగిచ్చేశాను. పాతది ఆ వారమే పూర్తిగా ఆగిపోయింది. నా లెక్క ఎంత సరిగ్గా ఉందో అని మురిసిపోయాను.

కొత్త డిస్కుల్లోకి ఎక్కించిన తొమ్మిదో రోజు, ఇన్నేళ్లలో ఉప్పు అన్నిటికన్నా ఎక్కువ ఎంత వచ్చిందో చూద్దామని, పట్టికలో ఉప్పు వరుసను ఒక్కదాన్నే పెద్దదాన్నుంచి చిన్నదానికి పేర్చాను. తేదీల వరుస కదలలేదని గమనించలేదు. సేవ్ చేసి మూసేశాను. మరునాడు మా ఆవిడ నా వెనక నిలబడి తెర చూసింది.

"ఏమయ్యా, కార్తీకంలో వరదొచ్చిన రోజు నలభై రెండా? ఆ పూట కాలువ నీళ్లు తాగినా ఉప్పనిపించలా."

పదకొండేళ్ల అంకెలు వాటి తేదీలను వదిలేసి వరుసగా నిలబడి ఉన్నాయి.

"రెండో డిస్క్ ఉండాది గదా, దాంట్లో చూడు," అంది.

చూశాను. దాంట్లోనూ నలభై రెండే. నేను తప్పు చేసిన క్షణంలోనే అదీ రాసుకుంది. రెండూ వేరువేరుగా బతికితేనే నా గుణకారం చెల్లుతుంది. ఇవి ఒకే కరెంటు మీద, ఒకే గాలిలో, ఒకే చేతి కింద ఉన్నాయి. ఆ చేతిని నేను లెక్కలో వేయలేదు.

ఇక మిగిలింది బావ డిస్క్. ఫోన్ చేశాను.

"బావా, ఆ డిస్క్ చెరిపేసినావా?"

"ఇప్పుడే సంచిలో పెట్టుకుంటుండా. స్టూడియో అతనికియ్యాల. మొత్తం చెరిపి మనవరాలి ఓణీల ఫంక్షన్ వీడియో ఎక్కిస్తానన్నాడు."

"చెరపనీయొద్దు. నేను వచ్చిందాకా నువ్వు కదలొద్దు."

"కాఫీ అన్నా తాగనిస్తావా, బామ్మర్దీ?"

జంటలో ఒక డిస్కును పీకి, దాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించే కేబులుతో సహా సంచిలో వేసుకుని బస్సెక్కాను. నెల్లూరులో మారి సంగం చేరేసరికి బావ అరుగు మీద డిస్కును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దాన్ని వాళ్ల ల్యాప్‌టాప్‌కు తగిలించి వరద రోజు వెతికాను. మూడు. ఆ తేదీ పక్కనే, మూడు. ఇంకో నాలుగు రోజులు చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ తర్వాతి తొమ్మిది రోజులవీ కేలండర్ మీదున్నాయి, ఇంటికెళ్లి కలుపుకోవచ్చు.

నేను తెచ్చిన డిస్కును చెరిపి, బావ డిస్కులోవన్నీ దాంట్లోకి ఎక్కించాను. సరైన పట్టికను పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. అది ఎక్కినంతసేపూ స్టూడియో అతను రెండుసార్లు ఫోన్ చేశాడు. బావ రెండుసార్లూ, "దారిలో ఉండా," అన్నాడు.

పని అయ్యాక బావ డిస్క్ బావకిచ్చి, నాది మా అక్క చేతిలో పెట్టాను. "ఇది నీ బీరువాలో ఉండాలక్కా. నెలకోసారి వచ్చి కొత్తవి ఎక్కించి పోతా. మా ఇల్లు మునిగినా పోయేది ముప్పై ఒక్క రోజులే. నేనే తప్పు చేసినా పాతది నీ దగ్గరుంటుంది."

అక్క దాన్ని పాత చీరలో చుట్టి పై అరలో పెట్టి తాళం వేసింది.

"పిలిస్తే రానోడివి, దీని కోసం నెలనెలా వస్తావా?" అంది. "అయితే తాళం నా దగ్గిరే ఉంటాది. అన్నం తినందే తియ్యను."