సేవ యుడిగిన మేను

అరవైల చివర విజయనగరంలో మా గురువుగారు ఒక పాత కావ్యాన్ని పరిష్కరించి అచ్చుకు ఇచ్చారు. నాలుగు తాటాకు ప్రతులు, ఇరవై ఏళ్లకు పైబడిన శ్రమ. పని ముగిసేసరికి ఆయనకు రెండు కళ్లలోనూ చూపు పోయింది. అచ్చుకూటం నుంచి వచ్చిన ప్రూఫులు నేను చదివితే ఆయన వినేవారు.

ఆ కావ్యకర్త ఎవరో లోకానికి తెలియదు. ఒకే ఒక్క పద్యం ఆధారంగా గురువుగారు ఆ కవి జీవితాన్ని నలభై పుటల పీఠికలో నిర్మించారు. ఆ పద్యంలో కవి తనను గురించి ‘సేవ యుడిగిన మేను’ అని చెప్పుకున్నాడు. ఆలయసేవలో ఉండి, వార్ధక్యంలో ఆ కొలువు పోగొట్టుకున్నవాడని గురువుగారి నిర్ణయం. వారి వంశమూ ఒకనాడు ఆలయసేవ చేసి, ఆ కొలువు పోయాకనే పాఠాలు చెప్పుకోవడంలోకి వచ్చింది. పీఠిక చదువుతున్నప్పుడు ఆయన పెదవులు నాతోపాటు కదిలేవి.

ప్రతులను పోల్చే పద్ధతి నేర్చుకొమ్మని నన్ను శ్రీకాకుళంలోని ఒక లాటిన్ మాస్టారి దగ్గరకు పంపింది కూడా గురువుగారే. మాస్టారు మిషన్ బడిలో పనిచేసి విరమించారు. ఆదివారం ఆరాధన ముగిశాక వారి వరండాలో కూర్చునేవాళ్లం. ఆయన తెరిచి చూపిన లాటిన్ కావ్యంలో పుటకు పైన పద్యమూ, అడుగున చీమలబారులాంటి సన్న అక్షరాలూ ఉండేవి. ఏ ప్రతిలో ఏ పాఠం ఉందో, దాన్ని ఎవరు దిద్దారో అంతా అక్కడ ఉండేది. గ్రీకు, లాటిన్ ప్రాచీన కవుల స్వహస్తప్రతులేవీ మిగలలేదనీ, మిగిలినవి నకళ్లకు నకళ్లేననీ, ఒకే తప్పును పంచుకున్న ప్రతులు ఒకే తల్లి బిడ్డలనీ వివరించారు.

“నాలుగు ప్రతులూ ఒకటే మాటన్నాయని మురిసిపోకండి పంతులుగారూ. నాలుగూ ఒక్కదాని దగ్గరే విన్నాయేమో సూడండి.”

రాసేవాడి చేతిలో అతని నోరు కూడా ఉంటుందని ఆయన అన్నారు. లాటిన్ పలుకుబడిలో వకారం బకారానికి దగ్గరైన కాలంలో లేఖకులు ‘జీవించు’ అనే క్రియకు బదులు ‘తాగు’ అనే క్రియను రాసేవారట. ఆ రెండు క్రియలకూ తేడా ఆ అక్షరమే.

“అర్థం కుదరని తప్పుని ఎవడైనా పట్టేస్తాడు. అర్థం కుదిరిపోయిందే దాక్కుంటాది” అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

మా ప్రతులు రాసినవారు ఈ ప్రాంతంవారే. చుక్కను సుక్కగా, చేనును సేనుగా రాశారు. అటువంటివన్నీ గురువుగారు ముందే దిద్ది ఉంచారు.

మూలం అచ్చయి పీఠిక మిగిలి ఉన్న రోజుల్లో, ఒక ప్రతికి పైన కట్టిన చెక్క పుచ్చి విరిగింది. కొత్తది చేయించడానికి దాన్ని పట్టుకుని గజపతినగరంలో ఒక వడ్రంగి దగ్గరకు వెళ్లాను. అతను చెక్కను గోటితో గీరి అవతల పడేశాడు.

“దీంట్లో సేవ నేదు బాబూ. ఉత్త తెల్లసెక్క. పుచ్చిపోక ఏటవుతాది?”

“ఏమి లేదూ?”

“సేవండీ, సేవ! మాను నడిమిన నల్లగా, గట్టిగా ఉంటాదే, అది. ఇన్ని తాటాకులు సదివినోరికి సేవంటే తెలవదేటి?”

లోపలినుంచి అతని భార్య అందుకుంది. “ఆ బాబునంటావేటి? నీ ఒంట్లో మాత్రం సేవ ఎక్కడున్నాది, ముసిలోడా!”

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను చిత్రికపొట్టులో నిలబడి ఉన్నాను.

చేవ యుడిగిన మేను. సత్తువ తగ్గిన ఒళ్లు. ఆలయం లేదు, పోయిన కొలువూ లేదు. ఉన్నది ఒక ముసలివాడు, అంతే. నాలుగు ప్రతులలోనూ సకారమే ఉన్నది, నాలుగూ ఒక్క తల్లి బిడ్డలు కనుక.

మూడు రోజులు ఏమీ అనకుండా ప్రూఫులు చదివాను. నాలుగో రోజున, పీఠిక యంత్రం ఎక్కడానికి ముందు, గురువుగారికి చెప్పాను.

“యతి సరిపోయింది కదరా!”

“చకారానికీ సకారానికీ మైత్రి ఉంది కదండీ. రెండు పాఠాలకూ సరిపోతుంది.”

ఆయన నా గొంతు వినిపించిన వైపు తల తిప్పారు.

“ఆ వడ్రంగి ఏమన్నాడు? వాడి మాటల్లోనే చెప్పు.”

చెప్పాను. అతని భార్య అన్నదీ చెప్పాను. ఆయన మోకాలిమీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు.

“పీఠిక తీయించెయ్. ఆ పుట మళ్లీ కొట్టించి పద్యంలో చకారం వెయ్యి. సకారం అడుగున వెయ్యి, మీ లాటిన్ మాస్టారి పద్ధతిలో.”

అచ్చుకూటంలో అక్షరాలు కూర్చే మనిషి “నలభై పేజీలూనా బాబూ?” అని అడిగాడు. అవునన్నాను. కట్టు విప్పి సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా వాటి గళ్లలో వేయసాగాడు. బాధ కలగాలని నాకు తెలుసు. కలగలేదు. గళ్లలో అక్షరాలు పడే చప్పుడు వింటూ చివరి పుట దాకా అక్కడే నిలబడ్డాను.

పుస్తకం తయారై వచ్చిన రోజున గురువుగారు దాన్ని రెండు చేతులతోనూ అందుకుని, తూచినట్టు కొంచెం పైకెత్తారు.

“పలచగా ఉందిరా” అన్నారు.

“అవునండీ” అన్నాను.