నన్ను సిస్టర్ సార్‌ను చేసిన ఆపా

సిరిసిల్లలో చలికాలం పొద్దున్నే డ్యూటీకి వచ్చినప్పుడు, ఆసుపత్రి గేటు ముందు బండి దగ్గర చాయ్ తీసుకుని గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుంటాను. గాజు చుర్రుమంటుంది. చుర్రుమనగానే నజీమా ఆపా గుర్తొస్తుంది. చలికాలంలో ఆమె చాయ్ తెప్పించుకునేదే చేతులు వేడి చేసుకోవడానికి. కాసేపు గ్లాసును అట్లాగే పట్టుకుని, ఆ వెచ్చటి చేతులతో వార్డులోకి పోయి పేషెంట్ల నాడి చూసేది. అందరినీ చూసి తిరిగొచ్చాక, చల్లారిపోయిన చాయ్‌ను ఒక్క గుక్కలో తాగి మొహం చిట్లించేది. "ఏం చాయ్ ఇది, కుండల నీళ్ళ లెక్కున్నది" అని హోటలాయనను రోజూ తిట్టేది. పాపం ఆయన తప్పేమీ లేదని ఆమెకు చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

కోరుట్లలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆమె నర్సులందరికీ పెద్ద. పొట్టి మనిషి, నడకలో మాత్రం మేమెవరమూ ఆమెను అందుకోలేకపోయేవాళ్ళం. ఇంట్లో ఉర్దూ, మాతో మా తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి. డాక్టరు గారితో సహా అందరూ ఆమెను ఆపా, అంటే అక్క, అనే పిలిచేవారు. నేను అక్కడ రిసెప్షన్‌లో కూర్చుని పేషెంట్లకు చిట్టీలు రాసిచ్చేవాణ్ణి. మాది ఇబ్రహీంపట్నం. మా తాత తాళ్ళెక్కి కల్లు గీసినవాడు, మా నాన్న విమానమెక్కి సౌదీ పోయినవాడు, నేను బీకాం చదివి కుర్చీ ఎక్కినవాణ్ణి. నాన్న అక్కడే ఒక కంపెనీలో నాకు లెక్కలు రాసే పని మాట్లాడుతున్నాడు. వీసా వచ్చేదాకా ఖాళీగా ఎందుకని ఈ పనిలో చేరాను. నాకప్పుడు నర్సింగ్ గురించి తెలిసిందల్లా స్పిరిట్ వాసన ఒక్కటే.

ఒకరోజు మధ్యాహ్నం వార్డులోంచి కేక వినిపించింది. "శేఖర్! కుర్చీకి అంటుకపోయినవా ఏంది? ఇట్ల రా, చెయ్యి పట్టు." ఒక ముసలాయనను మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మార్చాలి. నేను వెళ్ళీ వెళ్ళగానే నా బలమంతా చూపించాలనుకుని ఆయన చంకల కింద చేతులు పెట్టి లేపాను. ఆయన ఊరంతా వినబడేలా అరిచాడు. ఆపా నా చేతి మీద ఒక్కటి వేసింది.

"మనిషిని లేపుతున్నవా, బియ్యం బస్తనా?" అంది. "చెప్పినవా ఆయనకు? చెప్పకుంట ముట్టుకుంటే ఎవలన్న అదిరిపడరా?"

తర్వాత ఆయన వైపు వంగి, "తాతా, నీ ఎడమ చెయ్యి నా భుజం మీద ఏసుకుంటున్న. ఈ పిలగాడు నీ ఎన్క నిలవడ్డడు. మెల్లగ లేస్తున్నం, ఆఁ?" అంది. తాత తల ఊపాడు. అంతకుముందు అంత బరువున్న మనిషి ఈసారి తనంతట తానే సగం లేచాడు. నాకు ఆశ్చర్యం, సిగ్గు రెండూ కలిగాయి. స్పృహ లేకుండా పడివున్నవాళ్ళకు కూడా ఆమె అట్లాగే చెప్పేది. "దుప్పటి తీస్తున్న బిడ్డా, జెర సల్లగుంటది" అనేది. వినబడుతుందా అని నేనడిగితే, "నీకెట్ల ఎరికె వినవడదని?" అని ఎదురు అడిగింది.

ఆ తర్వాత నెలకో ఎప్పుడో కథలాపూర్ దిక్కు నుంచి రాజేశం గౌడ్ అనే ఆయన వచ్చాడు. తాటిచెట్టు మీంచి పడి తుంటి ఎముక విరిగింది. మా తాత వయసు. నొప్పికి కిమ్మనలేదు గానీ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుక్క నీళ్ళు తాగలేదు. నర్సులు బతిమాలారు, ఆయన భార్య కోప్పడింది. తాగడు. కడుపు ఉబ్బి ఉంది, మొహమంతా చెమటలు పడుతున్నాయి. నాకేమీ అర్థం కాలేదు. ఆపా మాత్రం మంచం దగ్గర నిలబడి ఒక నిమిషం ఆయన మొహం చూసి, సరాసరి నా కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"ఆయనకు ఒంటికస్తున్నది. ఆడోళ్ళను ఎట్ల అడగాలె అని సిగ్గు. నువ్వు పో" అని యూరిన్ డబ్బా నా చేతిలో పెట్టింది.

నా చెవులు ఎర్రబడ్డాయి. బీకాం ఫస్ట్ క్లాసు, చేతిలో డబ్బా. పారిపోదామా అనిపించింది. పోయి, మంచానికి తెర అడ్డం జరిపి, ఆయన చెవిలో మెల్లగా, "పెద్దయ్యా, డబ్బా తెచ్చిన. దుప్పటి కిందికెళ్ళి పెడుతున్న. నేను అటుదిక్కు సూస్త" అన్నాను. కాసేపటికి ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. "సల్లగుండు కొడుకా" అని, చెంబెడు నీళ్ళు అడిగి గటగటా తాగాడు. మర్నాడు పొద్దున నేను చిట్టీలు రాస్తుంటే వార్డులోంచి ఆయన గొంతు మోగింది. "ఓ సిస్టర్ సారూ! జెర గిట్ల రా!" ఆయనకు తెలిసినంతలో మంచం దగ్గరికొచ్చి చూసుకునేవాళ్ళు సిస్టర్లు. నేను మగవాణ్ణి కనుక సార్. రెండూ కలిపి ఒక మర్యాద చేశాడు. ఓపీలో కూర్చున్నవాళ్ళందరూ నన్ను చూసి నవ్వారు. ఆపా గోడకు ఆనుకుని, దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఇక ఆ వార్డులో మగవాళ్ళందరికీ నేను సిస్టర్ సార్‌నే. మొదట్లో ఉడుక్కున్నాను. రాజేశం గౌడ్ ఇంటికి పోయిన రోజు ఎవరూ అట్లా పిలవకపోతే ఏదో లోటనిపించింది.

"నువ్వు నర్సింగ్ సదువు" అని ఆపా అంది ఆ సాయంత్రమే. నేను జోకనుకున్నాను. జగిత్యాలలో ఒక కాలేజీలో డిగ్రీ అయినవాళ్ళను కూడా తీసుకుంటున్నారనీ, మగపిల్లలకు కొన్ని సీట్లున్నాయనీ ఆమె అప్పటికే కనుక్కుని వచ్చింది. దరఖాస్తుతో పాటు ఈ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నారో ఒక పేజీ రాసివ్వాలి. నేను రెండు రోజులు కూర్చుని రాశాను. వరసకొక సేవ, పేరాకొక త్యాగం. గొంతు సవరించుకుని ఆపాకు చదివి వినిపించాను. ఆమె వింటూ వింటూ ఆవలించింది.

"సేవ గీవ తీసెయ్" అంది. "సేవ అంటే అయినంత చేస్తరు, కానంత ఇడిచిపెడ్తరు, ఎవలు అడగరు. ఇది పని బేటా. పని అన్నప్పుడు మంచిగ చెయ్యాలె, తప్పైతే అడిగించుకోవాలె, అలసిపోతే కూసోవాలె. రాజేశం సంగతి రాయి."

"డబ్బా సంగతా ఆపా?"

"ఆఁ, డబ్బా సంగతే. గది తప్ప నువ్వేం జేసినవ్ ఇప్పటిదాక?"

అట్లా నా దరఖాస్తులో యూరిన్ డబ్బా చేరింది.

నాన్నకు చెప్పడం అసలు పరీక్ష. సౌదీలో శుక్రవారం సెలవు, ఆరోజే ఫోన్ చేస్తాడు. ఆ వారం నేను కౌంటర్ దగ్గర ఉండగా చేశాడు. విషయం వినగానే ఫోన్‌లోనే లేచి నిలబడ్డట్టున్నాడు. "మొగోడు నర్సేందిరా? బీకాం సదివి దుప్పట్లు మారుస్తవా? నేనీడ ఎండల మాడిపోతున్న. నువ్వన్న నీడపట్టున కూసోవాలెనని గా కంపెనీల ఎంతమందిని బతిమాలిన్నో నీకెరికేనా?" అన్నాడు. ఆయన ఎండ నాకు తెలుసు. సెలవుకు వచ్చినప్పుడు ఆయన మెడ రంగు చూసినవాణ్ణి. పక్కనే నిలబడి వింటున్న ఆపా ఫోన్ లాక్కుంది.

"సలామ్ భాయ్. ఆసుపత్రిల గూడ నీడనే ఉంటది. పైన స్లాబున్నది, ఫ్యాన్లున్నయ్."

నాన్న గొంతు వెంటనే తగ్గింది. "గది కాదు మేడం, మావోనికి సూదులంటనే బయం. చిన్నప్పుడు సూదేస్తరని బడి గోడ దుంకి ఉరికిండు. కందిచేన్ల దొరికిండు."

"పొడిపించుకునేటోనికే బయం భాయ్. పొడిసేటోనికి ఏం బయం?"

అవతల నాన్న నవ్వాపుకోలేకపోయాడు. చాలాకాలం తర్వాత విన్నాను ఆ నవ్వు. చివరికి ఒక మాట తేల్చాడు. ఒక్కసారి ప్రయత్నం చెయ్యాలి. సీటొస్తే చదువుకోవచ్చు. రాకపోతే మళ్ళీ మాట్లాడకుండా వీసా మీద విమానమెక్కాలి. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక ఆ రాత్రి నా దరఖాస్తు కాగితాన్ని పదిసార్లు చదువుకున్నాను. నాకు ఆ సీటు నిజంగా కావాలని అప్పుడే తెలిసింది.

ఇంటర్వ్యూ రోజు ఆపా నా గోళ్ళు చూసి, బస్సు ఎక్కించింది. జగిత్యాల కాలేజీ వరండా నిండా ఇంటర్ అయిపోయిన ఆడపిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు. పక్కనున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "చెల్లెను తోల్కచ్చినవా బాబూ?" అని అడిగింది. "లేదమ్మా, నన్ను నేనే తోల్కచ్చిన" అన్నాను. ఆవిడ పాపం కొంగులోంచి రెండు బిస్కెట్లు తీసి ఇచ్చింది.

లోపల ప్రిన్సిపాల్ మేడం నా కాగితం పట్టుకుని కూర్చుంది. "వచ్చిన దరఖాస్తులన్నింటిలో సేవ ఉంది. మీదాంట్లో మాత్రం యూరిన్ డబ్బా ఉంది" అంది. పక్కన కూర్చున్నవాళ్ళు తలలు వంచుకుని నవ్వుకున్నారు. నేను చచ్చాననుకున్నాను. ఆమె మంచం మీద పడుకోబెట్టిన మనిషంత బొమ్మను చూపించి, ఈ పేషెంట్‌ను పక్కకు తిప్పండి అంది. ఇది పరీక్ష కాదనీ, భయపడతారో లేదో చూడటానికేననీ చెప్పింది. నేను దగ్గరికి పోయి, అలవాటు కొద్దీ వంగి, "తాతా, నిన్ను నా దిక్కు తిప్పుకుంటున్న. చెయ్యి ఛాతి మీద పెడుతున్న, ఆఁ?" అన్నాను. గది గొల్లుమంది.

"అది అమ్మమ్మ అండీ" అంది మేడం నవ్వాపుకుంటూ. "అయినా బొమ్మకు చెప్పడమెందుకు?"

నిజమే చెప్పాను. "చెప్పకుంట ముట్టుకుంటే మా ఆపా కొడుతది మేడం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేడం పెన్ను తీసి నా కాగితం మీద ఏదో రాసుకుంది. అది మంచికో చెడ్డకో తెలియక, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బిస్కెట్లు కూడా తినలేకపోయాను. నాన్న శుక్రవారం ఫోన్ చేసి ఇంకా ఏమీ తెలియలేదా అని అడిగాడు. వీసా కాగితాలు తయారుగా ఉన్నాయన్నాడు.

కాలేజీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను చిట్టీ రాస్తున్నాను. సీటొచ్చింది. ఎవరి పేరు రాస్తున్నానో కూడా మరిచిపోయి వార్డులోకి ఉరికాను. ఆపా ఒక ఖాళీ మంచం మీద కొత్త దుప్పటి పరుస్తోంది. "ఆపా, సీటొచ్చింది!" అని అరిచాను. ఆమె తలెత్తలేదు. "గా కొస పట్టు" అంది. నేను అవతలి కొస పట్టుకున్నాను. ఇద్దరం కలిసి ముడతల్లేకుండా లాగి, మూలలు మడిచి లోపలికి తోశాం. అప్పుడు నడుము నిటారు చేసి నన్ను చూసింది. కళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి, గొంతు మాత్రం ఎప్పటిలాగే గట్టిగా ఉంది.

"ఇగ నన్ను ఆపా అనకు."

ఏం తప్పు చేశానో అనుకున్నాను. "మరి ఏమనాలె?"

"సిస్టర్ నజీమా అను. ఆపా ఇంట్ల ఉంటది. గీడ నువ్వు, నేను తోటి పనోళ్ళం."

నేనింకా ఒక్క పాఠం చదవలేదు, ఒక్క సూది పట్టలేదు. అయినా ఆమె నన్ను తన పక్కన నిలబెట్టుకుంది. ఆరోజు కలిగిన సంతోషం నాకు మళ్ళీ నర్సింగ్ పట్టా తీసుకున్నప్పుడు కూడా కలగలేదు. నాన్న ఆ శుక్రవారం, "సరే తీ, ఇంట్ల ఒక్కడన్న ఊళ్ళె ఉంటడు" అన్నాడు. ఆపా ఇప్పుడు పని మానేసి కోరుట్లలో మనవలతో హాయిగా ఉంది. ఫోన్ చేసిన ప్రతిసారీ నేను ఆపా అంటాను, ఆమె కోప్పడుతుంది, ఇద్దరం నవ్వుకుంటాం. సిస్టర్ నజీమా అన్న పిలుపు మాత్రం నా నోటికి ఇప్పటికీ రాలేదు.

మా వార్డుకు కొత్తగా నర్సింగ్ విద్యార్థులు వచ్చే రోజుల్లో నేను కొంచెం ముందే పోతాను. వాళ్ళు గోడ వారగా బెదురు చూపులతో నిలబడి ఉంటారు. వాళ్ళలో ఒకమ్మాయి పేరు బ్యాడ్జి మీద చూసి, "సిస్టర్ లావణ్యా, ఈ దుప్పటి కొస పట్టుకోండి" అంటాను. ఆ పిల్ల నేనెవరినో పిలిచాననుకుని వెనక్కి తిరిగి చూస్తుంది. వెనక ఎవరూ ఉండరు. తననేనని తెలిసిన ఆ క్షణంలో ఆ పిల్ల మొహం చూడాలి.