సాసర్‌లో సగం చాయ్

ఇరవయ్యేళ్లు నాంపల్లి కోర్టుల్లో వకీలుగా నిలబడ్డ సైలస్, జడ్జిగా కూర్చుని నెలయింది. కోరి పరీక్ష రాసి తెచ్చుకున్న కుర్చీ అది. ఆనాటి నుంచి ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌కి వెళ్లలేదు. అక్కడ రోజూ తోటి వకీలు యాదగిరితో ఒకే చాయ్ పంచుకునేవాడు. ఇవాళ భోజన విరామంలో వరండాలో యాదగిరి కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది.

“లోపలికి రారా, చాయ్ తాగుదాం.”

యాదగిరి చేతులు కట్టుకున్నాడు. “వద్దు సార్. రేపు నా కేసు మీ ముందటనే ఉన్నది. ఎవలన్న చూస్తే బాగుండది.”

ఇరవయ్యేళ్ల స్నేహంలో వాడు తనతో మాట్లాడుతూ సార్ అనడం ఇదే మొదలు. సైలస్ ఛాంబర్‌లోకి వచ్చి కూర్చున్నాడు. బంట్రోతు చాయ్ తెచ్చిపెడితే, అలవాటుగా సగం సాసర్‌లోకి ఒంపి బల్ల అవతలికి జరిపాడు.

“ఎవలన్న వస్తున్నరా సార్?” అన్నాడు బంట్రోతు.

“ఎవరూ రారు,” అంటూ సైలస్ సాసర్‌ను మళ్లీ తనవైపు లాక్కున్నాడు.