ఖాసిం సాబ్ సెల్యూట్

ఖాసిం సాబ్ చేతులారా చేసిన ఆఖరి పని, పాత మిలిటరీ కోటు ఇత్తడి గుండీలను చింతపండుతో తోముకోవడం. తెల్లదొరల కాలంలో బస్రా యుద్ధానికి పోయినప్పుడు గుండు తగిలిన కాలు ముసలితనంలో పూర్తిగా పడిపోయింది. ఆయన్ని చూసుకునే మనిషి కోసం సర్కారు భత్యమిస్తుందని విని కూతురు మేరాజ్ బీ దరఖాస్తు పెట్టింది. ఆ కోటు తొడుక్కున్న తండ్రిని కణేకల్ నుంచి అనంతపురం ఆఫీసుకు బస్సులో తీసుకుపోయి, బల్ల మీద కూర్చోబెట్టి, "నాయనా, లేయొద్దు" అని బతిమాలింది. ఆఫీసరు రాగానే ముసలాయన గోడ పట్టుకుని లేచాడు. వణుకుతూనే మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు.

"ఏమప్పా, పెండ్లికొడుకు మాదిరి నిలబడినావే! నీకు తోడెందుకు?" అని ఆఫీసరు నవ్వి, దరఖాస్తు కొట్టేసి కాగితం మేరాజ్ బీ చేతికిచ్చాడు.

"ఆఫీసరొస్తే కూచోమంటావా?" అని తిరుగుదారంతా ముసలాయన కూతుర్నే కసిరాడు. ఇంటికొచ్చి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు.

ఆయన పోయిన నలభై దినాల ఫాతిహానాడు మేరాజ్ బీ ఆ దరఖాస్తు కాగితాన్ని ఒకరిచేత చదివించుకుంది. మంచం పట్టినవాళ్లు రానక్కర్లేదు, డాక్టరు చీటీ చాలని వెనకవైపు అచ్చేసి ఉంది.