హీలియం నాబ్ మీద నా బిడ్డ చేయి

వైశాఖం రెండో ఆదివారం, పొద్దున పదీ నలభై. కాలేజీలో మా మనుమరాలి ల్యాబు ముందు నేనూ నా బిడ్డా చెప్పులు విడిచాం. ఎండ మాడ్చేస్తోంది. నా చేతిలో మాత్రం రెండు శాలువాలు. ఆ పిల్ల మిషన్‌లో వేటినో చల్లారుస్తుందని విన్నాను, పట్టుకుపోయాను.

తలుపు తీసిన అటెండర్ నవ్వాడు. "ఏందవ్వా, కశ్మీరుకు పోతానవా?"

"నీకే ఒకటి కప్పుత. నవ్వుడు ఆపు."

పిల్ల తల్లి, నా బిడ్డ, నవ్వలేదు. మట్టెవాడలో కిరాణా దుకాణం నడిపే మనిషి. ఆమె వచ్చింది చూడటానికి కాదు, తేల్చడానికి. పిల్లకు మడికొండలో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామంది. చేరేదీ లేనిదీ ఆ సాయంత్రంలోగా చెప్పాలి. పిల్లేమో ఇంకో ఏడాది ఈ మిషన్ దగ్గరే ఉంటానంటోంది. వారం నుంచి ఇంట్లో అదే గొడవ.

లోపల చలీ లేదు, ఏమీ లేదు. బల్ల నిండా స్టీలు గొట్టాలు, వైర్లు. వాటి మీద 'ముట్టుకోవద్దు' అని కాగితం. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. అందుకని ఏ కాగితాన్నీ చదవకుండా వదలను.

"గింత ఉడుకపోస్తాంటే సల్లార్చేది ఏందే?" అంది నా బిడ్డ.

"సల్లార్చుడంటే ఐసు పెట్టుడు గాదమ్మా. ఉరుకుడు తగ్గిచ్చుడు."

పిల్ల విడమరిచి చెప్పింది. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న పరమాణువులు అయాన్లట. అవి ఈ గొట్టంలోకి ఉరుకులు పరుగులుగా వస్తాయి. లోపల కొంచెం హీలియం ఉంటుంది. దానికి తగిలి తగిలి వాటి వేగం చచ్చిపోతుంది. పక్కలకు పారిపోకుండా కరెంటు పట్టి ఉంచుతుంది. అన్నీ ఒకచోట గుమిగూడాక గేటు తీస్తే, ఒక్క గుంపుగా తూకానికి పోతాయి.

"ఉరుకుతాంటే తూకమెయ్యరాదా?"

"నువ్వు ఇలాచీ జోకేటప్పుడు ఫ్యాను ఎందుకు బంద్ చేస్తవ్?"

"కాంటా మీద అంకెలు నిలువయి గద!" అనేసి ఆగిపోయింది. "దుకాణం ముచ్చట ఈడెందుకు తీస్తవే" అని కసిరింది గానీ, కుర్చీ ముందుకు జరుపుకుంది.

పిల్ల హీలియం వదిలే చిన్న నాబ్ చూపించింది. "నువ్వే తిప్పమ్మా. జర మెల్లగ."

అప్పటిదాకా పక్కనున్న కంప్యూటర్ తెర మీద గీత పడుకునే ఉంది. నా బిడ్డ గాజులు పైకి తోసుకుని తిప్పింది. ఏమీ కాలేదు. ఇంకాస్త తిప్పింది. గీత నడుమ చిన్న గుబ్బ లేచింది. అదే సన్నబడి నిటారుగా నిలబడింది.

"గంతే, ఆపు! అన్నీ ఒక్క గుంపైనయి. ఎక్కువైతే మల్ల పడిపోతది."

నాబ్ మీద చేయి తీయకుండా తెర వైపే చూసింది నా బిడ్డ. "నేను తిప్పితె లేసిందా?"

"నెలల సంది లేవనే లేదమ్మా. మొన్నటి నుంచే లేస్తాంది. గిప్పుడు ఇడిసి పొమ్మంటే ఎట్ల?"

నేను శాలువాలు పక్కన పెట్టేశాను.

నా బిడ్డ సంచిలో చేయి పెట్టింది. మడికొండకు చేయడానికి ఫోన్ తీస్తుందనుకున్నాను. కుంకుమ భరిణె తీసింది.

"బొట్టు యాడ పెట్టాలె?"

"మిషన్‌కు వద్దమ్మా! టేబుల్ కాలుకు పెట్టు."

మా ఇంట్లో స్కూటర్‌కైనా ఫ్రిజ్‌కైనా, ఉంచుకునే వస్తువుకే బొట్టు పెడతాం. ఆమె వంగి పెట్టింది. లేస్తూ, "మడికొండోళ్లకు రానని చెప్పు. ఒక్క ఏడాదే. మల్ల ఇంకో ఏడాది అన్నవో, కాళ్లిరగ్గొడ్త" అంది.

ఆ రోజు అక్కడున్నది నేను, నా బిడ్డ, ఏడ్చుకుంటూ నవ్విన నా మనుమరాలు, నా శాలువాల్లో ఒకదాన్ని మడిచి కుర్చీలో వేసుకుని దాని మీద కూర్చున్న ఆ అటెండర్.