హద్దు దగ్గర వంగిన కంచె

లాయల్ హెన్స్లీ గాడిలో మోకాళ్ళూని నల్లగుడ్డ అంచును అడుక్కి మడుస్తున్నాడు. అంచు పైపైన వదిలేస్తే వాననీరు కింద నుంచి దూరి మట్టినంతా వాగులోకి ఈడ్చుకుపోతుంది. ఉత్తర కరోలినా కొండల్లో స్థలం చదును చేయాలంటే ముందు మట్టిని ఆపే ఈ గుడ్డ కంచె నిలబడాలి. కౌంటీ ఇన్‌స్పెక్టర్ చూసి సరేనన్నాకే పర్మిట్. ఆ తర్వాతే బుల్డోజర్.

సోఫాల ఫ్యాక్టరీ మూతపడ్డాక లాయల్ ఈ పనిలోకి వచ్చాడు. నేర్పినవాళ్ళు లేరు. జోరున వాన కురిసినప్పుడల్లా ఇతరులు కట్టిన కంచెల దగ్గర నిలబడి, నీళ్ళు ఎక్కడ దారి చేసుకుంటున్నాయో చూసేవాడు.

"వానొస్తే మనుషులు ఇంట్లో దూరతారు, నువ్వేంట్రా బాతులా బయటికొస్తావ్?" అని ఈ స్థలం కొన్న కాంట్రాక్టర్ ఫ్లాయిడ్ ఆట పట్టించేవాడు.

ఇవాళ ఫ్లాయిడ్ ఆట పట్టించడం లేదు. తుఫాను వస్తోందని రేడియో చెబుతోంది. అది వచ్చేలోగా కొండ కోసేయాలని అతని తొందర.

గాలి ఆడటం లేదు. పిట్టల అలికిడి లేదు. చాన్నాళ్ళుగా ఎండలే అయినా గాడి అడుగున మట్టి చెమట పట్టినట్టు తడిగా ఉంది. పైనున్న చెట్లన్నీ మొదళ్ళ దగ్గర వంగి, ఆపైన నిటారుగా లేచాయి. ఈ కొండ ఎప్పుడో ఒకసారి జారిందన్నమాట.

కంచె హద్దు వెంట తిన్నగా దిగుతోంది. ఆ లోయలో అందరూ అలాగే వేస్తారు. హద్దు కోసం తుపాకులు తీసిన కుటుంబాలవి. ఎవరూ జానెడు అటు జరగరు, ఇటు జరగరు. కానీ ఈ హద్దు ఏటవాలుగా పోయి, కింద పక్క స్థలంలో ఉండే ఐసీ ముసలమ్మ ఇంటి మెట్ల దగ్గర ఆగుతుంది.

లాయల్ తాగునీళ్ళ డబ్బా తెచ్చి పైనుంచి కుమ్మరించాడు. నీళ్ళు గుడ్డ వెంట జారుకుంటూ పోయి ఆ మెట్ల ముందు మడుగు కట్టాయి.

"చూశావుగా," అన్నాడు ఫ్లాయిడ్‌తో. "కొసను నీ స్థలంలోకి, పైకి వంచుతాను. నీళ్ళు అక్కడే నిలబడి ఇంకుతాయి."

"నేను వేయబోయే కార్ల దారి పోతుందిరా."

"వంచకపోతే ఆవిడ ఇల్లు పోతుంది."

ఫ్లాయిడ్ మడుగు వైపు చూస్తూ మెడ రుద్దుకున్నాడు. "సరే, కానీ. త్వరగా."

లాయల్ గుంజలు పీకి, కొత్త గాడి తవ్వి, కంచె కొసను కొక్కెంలా పైకి తిప్పి, మట్టిపోసి దిమ్మిసతో దట్టించాడు. ఐసీ తలుపు దగ్గర నుంచుని చూస్తోంది.

"ఆగుతుందా నాయనా?"

"మట్టి ఆగుతుంది అత్తా. కొండే కదిలితే గుడ్డేం చేస్తుంది? ఈ పూటే మీ చెల్లెలింటికి వెళ్ళిపో."

"పొద్దున్నించీ నా చెలమ నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి," అందావిడ.

లాయల్ చేతిలో దిమ్మిస ఆగిపోయింది. కొండను ఇంకా ఎవరూ కోయనే లేదు, అయినా లోపల మట్టి కదులుతోందన్నమాట.

ఇన్‌స్పెక్టర్ వానెటా రాగానే లాయల్ ఆ మాట చెప్పాడు. ఆమె చెలమ చూసింది, తడి మట్టిని వేళ్ళతో నలిపింది, కంచె వెంట మొత్తం నడిచింది. గేటు దగ్గరి పెట్టెలో పర్మిట్ పెట్టేముందు తడి తగిలిన చోటి నుంచి కొండ పైదాకా నేల మీద ఎర్రరంగు గీత గీసింది.

"ఈ గీత దాటొద్దు ఫ్లాయిడ్."

"దాటను మేడం," అన్నాడతను, గీత అవతల తను చదును చేయాలనుకున్న చోటునే చూస్తూ.

ఐసీ పిల్లితో సహా కారులో గేటు ముందు నుంచి వెళ్ళిపోయింది. లాయల్ దిమ్మిసను ట్రక్కులో వేసుకుని, "కంచె నీకు అప్పగించాను," అన్నాడు ఫ్లాయిడ్‌తో. వెనకాల బుల్డోజర్ స్టార్టయింది. గుడ్డ మీద మొదటి చినుకు పడింది.